ముసలిదాని పన్ను

పోస్టుమాస్టారు ఆ ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. అత్తగారు నడకకు వెళ్లి వచ్చేలోగా షెడ్డులోని ఇనుము చెక్కే లేతు మిషను తిరగాలి. మామగారు పోయినప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, అది దుమ్ము కొట్టుకుపోయి ఉంది. గేటు తీస్తూనే ఆ చప్పుడు వింటే పెద్దావిడ ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఆయన కోరిక.

మోటారు బాగానే ఉంది. కడ్డీని బిగించి పట్టుకునే చక్కుకు మాత్రం మూడు దవడల్లో ఒకటి విరిగింది. కొత్త చక్కు కొనుక్కొచ్చారు. పాతదాన్ని సీసా మూత తిప్పినట్టు ఎడమవైపుకు తిప్పితే ఊడి వస్తుందని దుకాణదారు చెప్పాడు. మూడేళ్ల తుప్పు సంగతి అతనికి తెలియదు.

"అరగంట పని. వచ్చి కాస్త పట్టుకో," అన్నారు భార్యతో.

"మా అమ్మని అడిగి చెయ్యకూడదూ?"

"అడిగేస్తే ఇంక ఆశ్చర్యపోయేదేముంది?"

నూనె పోశారు. వేడినీళ్లు పోశారు. చక్కు ఉలకలేదు, పలకలేదు. చివరికి చక్కు తగిలించిన ఇరుసు తిరగకుండా గేరు వేసి, దవడల మధ్య ఇనప కడ్డీ బిగించి, మాస్టారు పెద్ద సుత్తి అందుకున్నారు. ఇంట్లో ఆ మిషనుకి "ముసలిది" అని ముద్దుపేరు.

"ముసలిది మహా మొండిది! నువ్వు తల దగ్గర కదలకుండా పట్టుకో, నేనొక్కటిస్తాను!"

"మెల్లగా కొట్టండి, పళ్ళు రాలతాయి!"

"రాలితే రాలనీ! ఇవాళ దీని సంగతి తేలాల్సిందే!"

గోడకవతల బట్టలారేస్తున్న టీచరమ్మ చేతిలోని తడి దుప్పటి అలాగే ఉండిపోయింది.

ధన్‌మని చప్పుడైంది. చక్కు కదల్లేదు కానీ గేరులోంచి ఏదో ఎగిరి నేలమీద పడింది.

"అయ్యయ్యో, పన్ను ఊడిందండీ!"

"అరవకు! ముందది దాచెయ్. ఎవరి కంటా పడకూడదు!"

పౌరుషం వచ్చిన మాస్టారు కడ్డీకి పొడుగాటి గొట్టం తొడిగారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దానికి వేలాడారు. ఈసారీ చక్కు తిరగలేదు. లేతు మొత్తం ఒరిగి వెనకనున్న అలమారుకు తగిలింది. పైనున్న ఎర్ర రంగు డబ్బా సరిగ్గా మాస్టారి నెత్తిన బోర్లా పడింది.

చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వచ్చిన ఆయనకు గోడమీదుగా టీచరమ్మ కనిపించింది. మర్యాదకి నవ్వారు.

"ఏం లేదమ్మా, ముసలిదానికి చిన్న రిపేరు."

టీచరమ్మ ఒక్క పరుగున లోపలికెళ్లి ఫోను తీసింది.

పావుగంటలో కానిస్టేబులు వచ్చాడు. వెనకాలే టీచరమ్మ.

"మీ అత్తగారెక్కడండీ?"

"నడకకి వెళ్లారు." మాస్టారు గేటువైపు చూశారు. "ఈపాటికి రావాలి."

"ఊడిన పన్ను ఏదీ?"

మాస్టారి భార్య గుప్పిట తెరిచింది. బొటనవేలంత ఇనప ముక్క. కానిస్టేబులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టీచరమ్మకేసి చూశాడు. టీచరమ్మ ఆకాశంకేసి చూసింది.

సరిగ్గా అప్పుడే అత్తగారు గేటు తీసుకుని లోపలికి వచ్చారు. పోలీసునీ చూడలేదు, ఎర్రగా తడిసిన అల్లుణ్నీ చూడలేదు. ఆమె చూపంతా ఆ ఇనప పన్నుమీదే ఉంది. మాస్టారు ఒక అడుగు ముందుకు వేశారు.

"అత్తయ్యగారూ, మామయ్యగారి మిషను పాడుచేశాను. మీరొచ్చేసరికి తిప్పి వినిపిద్దామనుకున్నాను."

"గేరు వేసి కొట్టారా?"

"కొట్టాను."

ఆమె నేరుగా షెడ్డులోకి నడిచారు. నలుగురూ వెనకే వెళ్లారు. ఒరిగిన లేతును అందరిచేతా నిలబెట్టించారు. గేరు తప్పించి, చక్కు కింద పలక పరిచి, వెనకవైపు ఒక దవడకు అడ్డంగా చెక్కముక్క నిలబెట్టారు. ఇరుసును తిప్పే బెల్టు రెండు చేతులా పట్టుకుని వెనక్కి ఒక్క గుంజు గుంజారు. దవడ చెక్కకు తగిలింది. మళ్లీ గుంజారు. మూడోసారి టక్కుమంది. ఆ తర్వాత చక్కు చేత్తో తిప్పితేనే ఊడి వచ్చేసింది.

"ఇదంతా మామయ్యగారు నేర్పారా?" అన్నారు మాస్టారు నోరు తెరిచి.

"నేనే ఆయనకి నేర్పాను. మిషను మా నాన్నది. మీ మామగారు పెళ్ళినాటికి బట్టల కొట్లో గుమస్తా."

"మరి మూడేళ్లుగా దీన్ని ముట్టుకోలేదేం?"

"మీరు షెడ్డుకి తాళం వేసుకున్నారు కదా బాబూ. అల్లుడి షెడ్డు, ఎలా అడగను?"

మాస్టారు తల దించుకున్నారు. ఆ మిషను కంటపడితే అత్తగారు బాధపడతారనే తాళం వేశారాయన.

"పోనీలెండి. పన్ను నేను కొత్తది పెడతాను," అని ఆమె చీరకొంగు బిగించారు. "ముందు మీరెళ్లి స్నానం చెయ్యండి."

మర్నాటి నుంచి పోస్టుమాస్టారు షెడ్డులోకి వెళ్లాలంటే తలుపు తట్టి, అత్తగారు "రండి" అనేదాకా బయటే నిలబడుతున్నారు.