కాంతారావు బొటనవేలు

ఆ సోమవారం కాంతారావు వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి వేషాల ఆట మొదలు, పదింపావుకు సమోసా, పదిన్నరలోపు హాజరు మెషీన్‌లో వేలిముద్ర, ఆపైన మామూలే. బందరులో ఆయన అధికారిగా ఉన్న సేవా కేంద్రంలో ప్రజల బాధ తెలుసుకునే శిక్షణ పెట్టారు. ఉద్యోగులు ప్రజల వేషం కట్టాలి, అటెండరు ఆనందమ్మ అధికారి వేషం కట్టాలి.

గుడివాడ నుంచి వచ్చిన శిక్షకురాలు హర్షిణి చీటీలు పంచింది. కాంతారావుకు "వేలిముద్రలు అరిగిపోయిన మత్స్యకార మహిళ" వచ్చింది. ముద్ర పడకుండా హర్షిణి ఆయన బొటనవేలికి గోరింటాకు పెట్టినంత శ్రద్ధగా జిగురు పూసింది.

అంతలో ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆనందమ్మ సెలవు పెట్టిన సంగతి హర్షిణికి తెలియదు. "రండి, మీకోసమే చూస్తున్నాం," అంటూ ఆవిడను కాంతారావు కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇక్కడి ఆఫీసరు గారు ఎలా మాట్లాడతారో తెలుసుగా? అచ్చం అలాగే మాట్లాడండి."

"ఎందుకు తెలీదమ్మా!" అంది ఆవిడ.

ఆవిడ పాలకాయతిప్ప ఊరి వీరమ్మ. రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళు నున్నబడి, ముద్ర పడక మూడు నెలలుగా రేషన్ బియ్యం అందడం లేదు. ఆ కుర్చీ ముందు ఇప్పటికి ఐదుసార్లు నిలబడింది. ఐదుసార్లూ కాంతారావు కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు కనుక, హర్షిణి ఎవరో నాటకాలావిణ్ణి తెచ్చిందనుకున్నాడు. క్లర్కు ఎలీసబెతు మాత్రం గుర్తుపట్టింది. ఆట రక్తి కట్టేలా ఉందని నోరు విప్పలేదు.

"అమ్మగారూ, నా వేలు పడట్లేదండీ," అన్నాడు కాంతారావు, గొంతు సన్నం చేసి.

వీరమ్మ తల ఎత్తలేదు. "సర్వరు లేదు. సోమవారం రా."

"ఇవాళ సోమవారమేనండీ!"

"నాకు చెప్తావా? జిరాక్సేదీ?"

"ఇదిగోనండీ."

"రెండో వైపు?"

"రెండో వైపు ఏమీ ఉండదండీ..."

"ఉండదని రాసివ్వు. సంతకం చెల్లదు, వేలిముద్ర వెయ్యి."

ఆఫీసంతా పగలబడి నవ్వింది. గడియారం పదీ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. కాంతారావు హాజరు మెషీన్ దగ్గరికి పరుగెత్తాడు. మీరెవరో తెలియలేదంది మెషీన్. అందులో నమోదైంది ఆ ఒక్క వేలే. జిగురు గోకాడు, సబ్బుతో రుద్దాడు, అంట్లు తోమే పీచు పట్టాడు. వేలు ఇత్తడి చెంబులా మెరిసింది గాని ముద్ర పడలేదు. పదిన్నరకు మెషీన్ మూసుకుంది. పై ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"నేను కాంతారావునండీ!"

"అని మీరంటున్నారు. మెషీన్ అనట్లేదుగా," అన్నారు అవతల.

"ఈ వేలు తప్ప మనిషికి ఇంకో గుర్తే లేదా?" అని కేకేశాడు కాంతారావు.

"ఉందండీ," అంది ఎలీసబెతు. "కంటిపాపతో గుర్తించే ఫారం. వచ్చి ఏడాదైంది. ఎవరూ అడగట్లేదని మీరే బీరువాలో పెట్టించారు."

ఆయన ఆత్రంగా ఫారం లాగాడు. పేరు రాయబోతే పైనే అచ్చు వేసి ఉంది, సిబ్బందికి వర్తించదని.

ఈలోగా హర్షిణి వీరమ్మ చేతులు పట్టుకుంది. "ఆనందమ్మ గారూ, ఎంత బాగా నటించారండీ!"

"ఆనందమ్మెవరు? నేను వీరమ్మని. నటనేంటమ్మా, ఈ బాబు నాకు చెప్పిందే చెప్పాను. ముందు నా బియ్యం సంగతి చూడండి."

కాంతారావు తల ఎత్తాడు. ఆవిడ ముఖం చూశాడు, వేళ్ళు చూశాడు, తన వేలు చూసుకున్నాడు. లేవబోతున్న ఆవిడతో, "కూర్చోండమ్మా, మీరు కూర్చోండి," అని తాను నిలబడే ఫారం నింపాడు. జిరాక్సు అడగలేదు.

వారం తిరక్కుండా వీరమ్మ ఇంట్లో రేషన్ బియ్యం ఉడికాయి. మిగిలిన ఫారాలు తీరం వెంట కృత్తివెన్ను దాకా పంచారు. కాంతారావు మాత్రం ఆ సోమవారం ఆఫీసుకు రాలేదనే ఇప్పటికీ రికార్డులో ఉంది.