ఆదర్శ మెడ

తలకాయను మొండేనికి కలిపి ఉంచడానికే మెడ పుట్టిందని వైద్యులు అనుకుంటారు. పాపం, వాళ్ళెవరూ ఫిర్యాదుల విభాగంలో పనిచేసి ఎరగరు. మెడ పుట్టింది టెలిఫోను పట్టుకోవడానికి. భుజం దానికి తోడుగా పుట్టింది. కాళ్ళూ చేతులూ తరవాత వచ్చిన చిల్లర సదుపాయాలు.

ఈ సత్యం ఆ ఇంట్లో ఒక్క ఇల్లాలికే తెలుసు. తెలియని మిగతా ముగ్గురూ ఆ ఉదయం ఆవిడతో హాల్లో గోడమీది కుటుంబ ఫోటో గురించి తగువులో ఉన్నారు. తగువు కొత్తది కాదు. ఆవిడ రోజూ ఆ ఫోటోని ఎడమకి కాస్త దించుతుంది, భర్త రోజూ స్టూలెక్కి సమం చేస్తాడు. గోడకున్న మేకు ఇద్దరికీ లొంగి, ఎవరికీ చెందకుండా వదులైపోయింది.

"మళ్ళీ వంచావా?" అన్నాడు ఆయన స్టూలు మీంచి.

"వంచలేదు. వంకరగా ఉంటే సరిచేశాను."

"ఇదా సరిచేయడం? ఇందులో నేను గోతిలోకి జారిపోతున్నట్టున్నాను, చూడు!"

"నాకు నిలకడగానే కనిపిస్తున్నారండీ."

"ఉండనీరా దాన్ని," అంది అత్తగారు కుర్చీలోంచి. "అలా ఉంటే నేను కాస్త పైకొస్తున్నాను." ఫోటోలో ఆవిడది కుడివైపు చివర.

"వంకర ఫోటోది కాదు నాన్నా, అమ్మ మెడది," అని కూతురు చెప్పుల కోసం మంచం కింద దూరింది.

"అదిగో, మళ్ళీ ఆ చూపు!" అన్నాడు ఆయన భార్యతో. "నేనేం చెప్పినా నమ్మనట్టు తల పక్కకి పెట్టి చూస్తావు."

"నేను పెట్టలేదండీ. అదే అక్కడ ఉండిపోయింది."

నిజమే, ఉండిపోయింది. ఆవిడ నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా. అక్కడ నియమం ఏమిటంటే, ఫోను చేసినవాడు లైన్లో ఉండగానే ఫిర్యాదు పుస్తకంలోకి ఎక్కాలి. కుడిచేత్తో రాయాలి. నెత్తిమీద ఫ్యాను (దాని వేగం తగ్గించే అధికారం వేరే విభాగానిది) పేజీలు తిప్పేస్తుంటుంది కనుక ఎడమచేత్తో పుస్తకాన్ని అదిమి పట్టాలి. ఇక రిసీవరుకు ఎడమ భుజం తప్ప దిక్కేది?

కుళాయిల ఫిర్యాదులు కాస్త తెరిపి ఇచ్చినప్పుడు ఇంటి ఫిర్యాదులు మొదలవుతాయి. అవీ ఆ లైనుకే. "సాక్సుల్లో రెండోది ఎక్కడుంది?" అని భర్త. "పొద్దున వేసుకోవాల్సింది తెల్ల మాత్రా, గులాబీ మాత్రా?" అని అత్తగారు. కాలేజీ నుంచి రాగానే, "అమ్మా, తినడానికేముంది?" అని వంటింట్లోనే నిలబడి కూతురు. వీటన్నిటికీ ఆవిడ మెడతోనే జవాబు చెప్పేది. చేతులు ఊరికే ఉంటే మేనేజరు చూస్తాడు.

కిందటి నెల డాక్టరు ఆ మెడని నొక్కి చూసి, "భుజం మీద ఫోను ఇంకొన్నాళ్ళు పెట్టారంటే ఈ మెడ ఇక తిరగదు. చెవులకి తగిలించుకునే హెడ్‌సెట్ అడగండి," అన్నాడు. ఆవిడ అడిగింది. ఆఫీసులో హెడ్‌సెట్ ఉంది కూడా, ఒకటి. మేనేజరు గదిలో, అద్దాల బీరువాలో, తాళం వెనక, పెళ్ళికూతురి నగలా మెరుస్తూ.

"ఇస్తామమ్మా," అన్నాడు మేనేజరు. "కానీ ఎవరి మెడ ఎక్కువ వంకరో తేల్చేది మనం కాదు కదా. దానికి పైనుంచి మెడల సారు రావాలి."

మెడల సారు అసలు పేరు కార్యాలయ భంగిమల ప్రధాన పర్యవేక్షకులు. ఆయన కన్నా ముందు ఆయన నియమావళి వచ్చింది. రిసీవరును ఎల్లప్పుడూ చేత్తోనే పట్టుకోవలెను (ఏ చేత్తో అన్నది సంబంధిత శాఖ త్వరలో తెలియజేయును). మాట్లాడునప్పుడు వెన్ను కుర్చీకి ఆనించవలెను (వెన్ను ఉన్న కుర్చీలు వచ్చిన పిదప). దాంతోపాటు ఒక రంగుల బొమ్మ. అందులో ఒకమ్మాయి ఫోను చేత్తో పట్టుకుని హాయిగా నవ్వుతోంది. ఆ పిల్ల ముందు పుస్తకం లేదు, పెన్ను లేదు, నవ్వు తీరు చూస్తే అవతల లైన్లో కూడా ఎవరూ లేరు.

ఫోటో తగువు జరిగిన ఆ రోజే, మధ్యాహ్నం, సారు స్వయంగా దిగాడు. ఊళ్ళో ఉన్న ఆఫీసులన్నిటికీ ఫోను ఎలా పట్టుకోవాలో ఏళ్ళ తరబడి ఫోనులోనే చెబుతూ వచ్చిన మనిషి. చేతుల్లో ఎప్పుడూ కాగితాలు. అంచేత ఆయన తల కుడి భుజం మీదికి పూర్తిగా వాలిపోయి ఉంది. పై అధికారి శరీరంలో వంకర వెతకడం కింది ఉద్యోగికి తగదు.

మొదట స్టోరు గుమాస్తాని నిలబెట్టారు. ఉద్యోగంలోకి రాకముందు కవాతు చేసిన మనిషి, గడకర్రలా ఉంటాడు. సారు ఆయన్ని చూసి, "అయ్యయ్యో," అన్నాడు. "ఇంత వంకరా! ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నారండీ?"

"నాకేమీ లేదు సార్," అన్నాడు గుమాస్తా బిగుసుకుపోయి.

"ఇలాంటివాళ్ళు ఇలాగే అంటారు. రాసుకోండి, తీవ్రం."

తరవాత ఆవిడ వంతు. సారు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆవిడ తల ఆవిడ ఎడమకి, ఆయన తల ఆయన కుడికి. రెండు తలలూ ఒకే వైపు ఒరిగి, జంట కొబ్బరిచెట్ల మాదిరి, ఒకదానికొకటి చక్కగా సరిపోయాయి. సారు ముఖం వికసించింది.

"ఆహా! మేనేజరుగారూ, ఇటు రండి. మెడంటే ఇదీ! ఇన్ని ఆఫీసులు తిరిగాను, ఇంత నిటారైన మెడ ఇప్పుడే చూస్తున్నా."

"సార్, నాది ఎడమకి పడిపోయిందండీ," అంది ఆవిడ.

"ఎవరన్నారమ్మా?"

"డాక్టరు."

"ఆయన మెడ ఎవరైనా చూశారా?"

"కానీ నొప్పి పుడుతోంది సార్. పక్కకి తిరగలేకపోతున్నా."

"పద్ధతిగా ఉండేవాళ్ళకి ఆ మాత్రం నొప్పి ఉంటుందమ్మా," అన్నాడు సారు ఆప్యాయంగా.

సాయంత్రానికల్లా హెడ్‌సెట్ స్టోరు గుమాస్తా నెత్తికెక్కింది. స్టోరులో ఫోను లేదు. వైరు కొసని ఆయన చొక్కా జేబులో పెట్టుకుని, ఎవరు పిలిచినా వినపడక, బుద్ధిగా మేకులు లెక్కపెడుతున్నాడు. ఆవిడకి ఉత్తర్వు చేతికొచ్చింది. ఆవిడ మెడను శాఖ ఆదర్శ మెడగా ప్రకటించారు. బొమ్మలోని పిల్లని తీసేసి, ప్రతి బల్లముందూ ఆవిడ ఫోటో అంటిస్తారు. వచ్చే తనిఖీ దాకా ఆ మెడలో ఎటువంటి మార్పూ చేయరాదు. చివర ఒక వాక్యం. కుర్చీల మీద, ఫ్యాన్ల మీద, మేనేజరు బల్లమీది గంట మీద ఉండే వాక్యమే: "కార్యాలయ ఆస్తి. సొంత అవసరాలకు వాడరాదు."

బస్సులో ఆవిడకి కిటికీ పక్కన చోటు దొరికింది. కానీ కిటికీ కుడివైపు ఉంది. అటు తిరగలేక, ఒళ్ళో ఉన్న ఉత్తర్వునే ఇల్లు వచ్చేదాకా చదువుకుంది. ముందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరి వాక్యం మళ్ళీ చదివేసరికి ఎందుకో ఆగిపోయాయి.

ఇంటికొచ్చేసరికి భర్త స్టూలు మీదే ఉన్నాడు. ఆవిడ చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, అందరికీ వడ్డించి, తనూ కూర్చుంది.

"ఏమైందమ్మా, ఆ గొట్టం ఇచ్చారా?" అంది అత్తగారు. హెడ్‌సెట్ అనడం ఆవిడకి ఇష్టం ఉండదు.

"లేదత్తయ్యా. కొలిచి చూసి నా మెడ సరిగ్గానే ఉందని తేల్చారు."

ఆయన ముద్ద కలపడం ఆపాడు. "సరిగ్గా ఉందా! కళ్ళున్నవాళ్ళేనా?"

"ముద్ర వేసి ఇచ్చారు," అని ఉత్తర్వు పళ్ళెం పక్కన పెట్టింది. కూతురు పైకి చదివింది. చివరి వాక్యం దగ్గర గొంతు నెమ్మదించింది.

"కాబట్టి," అంది ఆవిడ, కూర మరొకరికి అందిస్తున్నంత మామూలుగా, "ఈ మెడ ఇక ఆఫీసుది. ఇంటి పనులకి వాడితే నా ఉద్యోగం పోతుంది. రేపట్నించి సాక్సులకీ, మాత్రలకీ, తిండికీ నాకెవరూ ఫోను చెయ్యకండి."

గోడమీద ఫోటో దానంతటదే ఎడమకి ఒరిగింది.

"మరి అర్జంటైతే?" అన్నాడు ఆయన.

"అర్జంటైతే చెయ్యండి. చిరునామా చెప్తే ఫిర్యాదు రాసుకుంటాను. మూడు పనిదినాల్లో మనిషొస్తుంది."