కుందేలు పిల్లల పేర వేసిన తోట

ఒక పెద్ద అడవిలో వానలు మొహం చాటేసిన ఏడాది కుందేలు పిల్లలు చిక్కిపోవడం మొదలైంది. తల్లులకు ఈ సంగతి ముందే తెలుసు. సింహం సభకు మాత్రం ఆలస్యంగా తెలిసింది. అదీ సభ జరుగుతుండగా ఒక పిల్లాడు నీరసంతో తూలి సింహం కాళ్ళ ముందే పడడం వల్ల. వాడు కాస్త దూరంగా పడి ఉంటే ఇంకా తెలిసేది కాదు.

సింహం బాధపడింది. సింహం బాధపడితే ఆ అడవిలో ఒక పథకం పుట్టడం రివాజు.

"పసివాళ్ళకు ఆకుకూరలు కావాలి. తోట వెయ్యండి," అని చెప్పి, ఆ పని నెమలికి అప్పజెప్పి, నిద్రకు వెళ్ళిపోయింది.

నెమలి పేరు నీలకంఠం గారు. ఆయన చెడ్డవారు కారు. పిల్లలంటే ఇష్టమే. కాకపోతే ఏ పనైనా పురి విప్పి చూపించేలా ఉండాలంటారు. నలుగురికీ చూపించడానికి వీల్లేని పని ఆయన లెక్కలో పనే కాదు.

తోటకు నేల వెతికారు. అడవంతా ఎండిపోయింది గాని ఏటి గట్టున ఒక్కచోట తడి మిగిలి ఉంది. అక్కడ గంగవాయిలి, పొన్నగంటి కూరలు వాటంతట అవే మొలుస్తాయి. ఆ ఏడాది కుందేళ్ళు ప్రాణం నిలుపుకుంటున్నది ఆ గట్టు మీదే. నీలకంఠం గారు గట్టు చుట్టూ ముళ్ళకంచె వేయించారు. గంగవాయిలినీ పొన్నగంటినీ కలుపు అని పీకించి అవతల పారేయించారు. శుభ్రమైన మడులు కట్టించి తోటకూర, పాలకూర విత్తించారు. 'కుందేలు పిల్లల పోషణ వనం' అని పెద్ద పలక వేలాడదీయించారు. కాపలాకు ముళ్ళపంది గురవయ్యను పెట్టారు.

మర్నాడు సన్యాసమ్మ అనే తల్లి కుందేలు తన పిల్లాణ్ణి వీపున వేసుకుని కంచె దగ్గరికి వచ్చింది. సభలో పడిపోయింది వీడే. బుడ్డోడంటారు.

"గురవయ్య మావా, కాసింత గంగవాయిలాకు గిల్లుకుని పోతాను. గుంటడు నిలబళ్ళేకపోతన్నాడు," అంది.

"అది పీకేసినారమ్మా. మీ గుంటల కోసమే తోట ఏస్తన్నారు గదా," అన్నాడు గురవయ్య.

"మరి ఇప్పుడేటి తింటారు?"

"తోట ఎదిగినాక తింటారు. అందాకా ఓపిక పట్టాల."

సన్యాసమ్మ ఎండుగడ్డి పరకలు ఏరి పెడుతూ ఓపిక పట్టింది. లేనివాళ్ళ దగ్గర అది ఎంతైనా ఉంటుందని ఉన్నవాళ్ళకు మహా నమ్మకం.

తమ తిండి తామే పండించుకోవడం పిల్లలకు చిన్నప్పటి నుంచీ అలవడాలని నీలకంఠం గారు కోరారు. అందుకని కుందేలు పిల్లలు పొద్దున్నే వరసగా వచ్చి ఆకు దొన్నెల్లో ఏటి నీళ్ళు మోసి మడులకు పోసేవారు. పోసేటప్పుడు తోటకూర మీద పాట పాడేవారు. దాన్ని తింటే రక్తం పడుతుందనీ, కళ్ళకు మంచిదనీ, ఎముక గట్టిపడుతుందనీ ఆ పాటలో ఉంది. బుడ్డోడికి పాటంతా నోటికి వచ్చేసింది. తోటకూర రుచి ఎలా ఉంటుందో మాత్రం వాడికి తెలియదు.

కూర ఏపుగా లేచింది. సన్యాసమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నీలకంఠం గారే ఎదురయ్యారు.

"తొలికాపు పెద్దల కంటబడకుండా ఎవరి నోటా పడకూడదమ్మా. మన ఆచారం. పై కొండ నుంచి పరిశీలకులు ఎలుగుబంటి గారు దిగి వచ్చి చూస్తారు. చూడగానే అంతా మీ పిల్లలదే."

"ఎప్పుడొత్తారు బాబూ?"

"తేనెపట్టుల కాలం కదా, తీరిక లేకుండా ఉన్నారు. వస్తారు."

ఎలుగుబంటి రాలేదు. తోటకూర ముదిరి కంకులు వేసింది. ముదురు కూర చూపిస్తే మర్యాదగా ఉండదని నీలకంఠం గారు అంతా పీకించారు. అదైనా పిల్లలకు పెట్టమని తల్లులు అడిగితే, ముదురాకు పసికడుపులకు అరగదన్నారు. పీకినదాన్ని ఎరువుగుంటలో వేయించి, కొత్తగా విత్తించారు. కొత్తగా విత్తితే మళ్ళీ తొలికాపే గదా. అది కూడా పెద్దల కంటబడాలి. అదీ ముదిరింది. అదీ గుంటలోకే పోయింది. ఆ తోటలో తొలికాపు వస్తూనే ఉంది గాని మలికాపు అన్నది రాలేదు. ఒకటి ఒప్పుకోవాలి, పీకిన కూర తిరిగి ఎరువై తోటకు పోషణ బ్రహ్మాండంగా అందింది.

బుడ్డోడు దొన్నె ఎత్తలేని స్థితికి వచ్చాడు. తోటి పిల్లలు వాడి వంతు నీళ్ళు కూడా మోశారు.

ఇంతలో కబురు వచ్చింది. రేపే పరిశీలన.

నీలకంఠం గారు మడులన్నీ చూసుకుని మురిసిపోయారు. ఆ తర్వాత పిల్లల్ని వరసలో నిలబెట్టి చూశారు. అంత దగ్గరగా చూడడం ఆయనకు అదే మొదలు. డొక్కలు కనిపిస్తున్నాయి. ఆయన మనసు చివుక్కుమంది. అది మాత్రం నిజం.

"ఇప్పుడైనా కోసి పెడదామా బాబూ?" అన్నాడు గురవయ్య.

"పెడితే రేపటికి ఒళ్ళు చేస్తారా? మడులు బోసిపోతాయి. అటు తోటా లేక, ఇటు పిల్లలూ ఇలా ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆయన తిన్నగా అడవిపంది ఇంటికి వెళ్ళారు. దాని పిల్లలు దుంపలు తవ్వుకు తిని గుండ్రంగా ఉన్నారు. ఒక్క పూటకు పంపమని అడిగారు.

"తీసుకుపొండి బాబూ," అంది అడవిపంది. "మావోళ్ళని మీ తోటలో సేర్పించనేదు గనకే ఈ మాత్రం ఉన్నారు."

మొక్కజొన్న పొత్తుల డొప్పలు చెవులుగా కట్టి పందిపిల్లల్ని వరసలో నిలబెట్టారు. అసలు కుందేలు పిల్లల్ని గట్టు అవతల పొద వెనక దాచారు. ఎలుగుబంటి గారు దిగి వచ్చారు. ఆయనకు చూపు ఆనదు. కళ్ళజోడు పెట్టుకుంటే హోదాకు తక్కువని పెట్టుకోరు. వాసన మీదే పనులు నడిపిస్తారు. ఆ రోజు ముక్కు నిండా తేనె వాసనే ఉంది.

పందిపిల్లలకు పాట రాదు. ఆచారాలూ తెలియవు. కంచె తలుపు తీయగానే లేతకూర మీద పడ్డారు. ఒక మడి వేళ్ళతో సహా ఖాళీ అయింది. నీలకంఠం గారు గబగబా ఆ మడికి అడ్డంగా నిలబడ్డారు.

"ఆహా, ఎంత ఇష్టంగా తింటున్నారండీ," అన్నారు ఎలుగుబంటి గారు.

"రోజూ ఇంతేనండీ," అన్నారు నీలకంఠం గారు.

పొద వెనక నుంచి సన్యాసమ్మ ఇదంతా చూసింది. ఒళ్ళో బుడ్డోడున్నాడు. వాడు కళ్ళు తెరిచి చూడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. 

ఎలుగుబంటి గారు ఒక పందిపిల్ల బుగ్గ గిల్లి, తీర్పు చెప్పారు.

"ఇంత పుష్టిగా ఉన్న కుందేళ్ళను నా సర్వీసులో చూడలేదు. ఆకలి పూర్తిగా తీరిపోయింది. తీరిన ఆకలికి తోటెందుకు? పథకం దిగ్విజయం. రేపటి నుంచి ఎత్తెయ్యండి."

నీలకంఠం గారికి శాలువా కప్పి, పదవి తీసేశారు. పురి ముడుచుకుని వెళ్ళిపోయారాయన. పథకం లేనప్పుడు కాపలా ఏమిటని గురవయ్యా వెళ్ళిపోయాడు. పోతూ కంచె తలుపు వెయ్యలేదు. మరిచిపోయాడో, కావాలనే వదిలేశాడో ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

సన్యాసమ్మ బుడ్డోణ్ణి ఎత్తుకొచ్చి మడి మధ్యలో కూర్చోబెట్టింది. వాడు లేతాకు చూసి, అలవాటు కొద్దీ, నీళ్ళ దొన్నె కోసం వెతికాడు.

"పొయ్యడం కాదు నాయనా, తిను," అంది తల్లి.

వాడు నమ్మలేదు. కంచె వైపు చూశాడు, తల్లి మొహం చూశాడు. ఆ తర్వాత తిన్నాడు. సన్యాసమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది.

కలుపు తీసే దిక్కు లేక గంగవాయిలీ పొన్నగంటీ మళ్ళీ పుట్టుకొచ్చాయి. నీళ్ళు పోసేవాళ్ళు లేకపోయినా ఏటి తడికే ఎదిగాయి. పిల్లలు ముదురాకు తిన్నారు, లేతాకు తిన్నారు, అన్నీ అరిగాయి. చలి మొదలయ్యేసరికి బుడ్డోడు గట్టంతా గెంతులు వేస్తున్నాడు.

ఒకనాడు సింహం ఏటికి నీళ్ళకొచ్చి ఆ గెంతులు చూసింది. మనసు పొంగింది. ఎలుగుబంటినీ నెమలినీ పిలిపించింది.

"మన పథకం ఫలితాలు ఇప్పుడు కనబడుతున్నాయి. ఇంత మంచి పథకాన్ని ఎత్తెయ్యడమేమిటి? వెంటనే మళ్ళీ మొదలుపెట్టండి. ఈసారి రెండు గట్లూ కలిపి కంచె వెయ్యండి."

నీలకంఠం గారు పురి విప్పారు.

ఆ కబురు సాయంత్రానికే సన్యాసమ్మ చెవిన పడింది. పరుగున గట్టు మీదికి వచ్చి పిల్లలందర్నీ కేకేసింది.

"బేగి తినండర్రా, కడుపునిండా తినీండి. మన ఆకలి తీర్చడానికి మళ్ళీ వస్తన్నారు."

నీతి: పసివాళ్ళ ఆకలి చూసి పెద్దలకు జాలి పుట్టిందని తెలిస్తే, ఆ జాలి వచ్చి చేరేలోగా పసివాళ్ళకు తినిపించేయాలి.