పటగోనియా మేనత్త పోయిన శనివారం

ఆ శనివారం పొద్దున్న డెల్విన్ వేసుకున్న పథకంలో పెద్ద చిక్కేమీ లేదు. భార్య నెస్టా స్వాన్సీలో ఉన్న అక్క ఇంటికి బస్సెక్కుతుంది. తనకి జలుబు చేసిందని పక్కింటి ఇద్వాల్‌తో చెప్పాలి. మధ్యాహ్నం ముందుగది కిటికీ తెరలు దగ్గరకి లాక్కుని, టీవీ గొంతు తగ్గించి, వేల్స్‌కీ అర్జెంటీనాకీ జరిగే రగ్బీ ఆట ఒంటరిగా చూసుకోవాలి. ఇందులో దొంగతనం లేదు, దోపిడీ లేదు. సొంత ఇల్లు, సొంత టీవీ, సొంత డబ్బు.

ఆ డబ్బు కట్టడమే అసలు నేరం. ఊరంతా ఉచితంగా చూసుకునే వేల్స్ ఆటలు ఈ ఏడు డబ్బు కట్టినవాళ్ళకే కనబడే ఛానెల్లోకి వెళ్ళిపోయాయి. కుమ్ హెలిగ్ లోయ లోయంతా భగ్గుమంది. అందరికంటే ఎక్కువ మండిపడ్డవాడు మన డెల్విన్. చాపెల్ వెనక హాల్లో సభ పెట్టించి, బల్ల గుద్ది మరీ మాట్లాడాడు. "మన ఆట మనకే అమ్ముతారా? సిగ్గుండొద్దూ! నా సొంత మనవడు ఎర్ర జెర్సీ తొడుక్కుని దిగినా సరే, ఒక్క పెన్నీ కట్టను. రేడియోలోనే వింటాను!" హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పాస్టరు ప్రోథెరో గారు జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నారు. ఆట ఉన్న ప్రతిసారీ వీధివీధంతా క్లబ్బులో చేరి రేడియో వినాలని అక్కడికక్కడే తీర్మానమైంది. వాకిళ్ళకి కట్టే గుడ్డల మీద 'మా ఆట అమ్మకానికి లేదు' అని రాసింది నెస్టాయే.

డెల్విన్ మనవడి పేరు ఊరికే వాడుకున్నాడు. అప్పటికి ఇయెస్టిన్ జాతీయ జట్టు చుట్టుపక్కల కూడా లేడు. తీరా ఈ శుక్రవారం సాయంత్రం సాధనలో ఒకడి చీలమండ బెణికింది. అదనపు ఆటగాళ్ళలో ఒకడిగా రమ్మని ఇయెస్టిన్‌కి కబురొచ్చింది. కార్డిఫ్‌లో దొరికిన రెండు టిక్కెట్లూ వాడి అమ్మానాన్నలకి సరిపోయాయి. తాతకి మిగిలింది రేడియో. ఆ పిల్లాడు నడక నేర్చింది డెల్విన్ చెయ్యి పట్టుకుని. బంతి పట్టడం నేర్చింది డెల్విన్ ఇంటి వెనక సందులో. వాడు మొదటిసారి వేల్స్ తరఫున మైదానంలోకి అడుగుపెట్టే క్షణాన్ని ఎవరో చెబితే చెవులతో వినడమా? శుక్రవారం రాత్రి నెస్టా నిద్రపోయాక, డెల్విన్ ఫోను పట్టుకుని తడబడుతూ, నాలుగుసార్లు తప్పులు నొక్కి, చివరికి ఆ ఛానెలుకి డబ్బు కట్టేశాడు.

పథకం ప్రకారమే అన్నీ జరిగాయి. ఆట అక్క ఇంట్లో రేడియోలో వింటానని చెప్పి నెస్టా బస్సెక్కింది. డెల్విన్ గోడ మీంచి రెండుసార్లు దగ్గి వినిపించాడు. ఇద్వాల్ వెంటనే, "రెస్టు తీసుకోరా, క్లబ్బుకి రాకపోయినా ఫర్లేదు" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు డెల్విన్‌కి కాస్త వింతగా తోచింది. మధ్యాహ్నం తెరలు మూసి, టీవీ పెట్టి, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. జట్లు వరసగా నిలబడ్డాయి. కార్డిఫ్ జనం జాతీయగీతం ఎత్తుకున్నారు. చివర నిలబడ్డ ఇయెస్టిన్ మొహం ఒక్క క్షణం కనబడేసరికి డెల్విన్ భోరుమన్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది.

టీవీ కట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ తలుపు తీశాడు. ఎదురింటి మార్గెడ్ గారు గుమ్మంలో ఉన్నారు. చిన్నప్పుడు డెల్విన్‌కి ఆదివారం బడిలో పాఠం చెప్పినావిడ. నల్ల కోటు వేసుకుని, చేతిలో ఎండుద్రాక్షలు వేసిన బారా బ్రిత్ రొట్టె పట్టుకుని నిలబడ్డారు.

"అయ్యో నాయనా," అన్నారు ఆవిడ, అతని ఎర్రటి కళ్ళు చూసి. "నెస్టాయేనా? నిన్న కూడా చూశానే, దిట్టంగా ఉందే!"

డెల్విన్ మూసిన తెరల వంక చూశాడు. చాపెల్ వీధిలో పట్టపగలు ముందుగది తెరలు మూస్తే దానికి ఒక్కటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారు. పుట్టి పెరిగిన వీధి కాబట్టి ఈ సంగతి అతనికి తెలియక కాదు. ఆ పూట బుర్రలో ఇయెస్టిన్ తప్ప మరేదీ ఇమడలేదు.

"నెస్టా కాదండీ! స్వాన్సీలో నిక్షేపంగా ఉంది."

"మరెవరు నాయనా?"

ఎవరూ పోలేదని చెప్పొచ్చు. అలా చెబితే తెరలెందుకు వేశావంటారు. సాయంత్రానికి డెల్విన్ డబ్బు కట్టాడని లోయ పైనుంచి కింద దాకా పాకిపోతుంది. కాబట్టి ఎవరో ఒకరు పోక తప్పదు. కట్టేసే ముందు టీవీలో చదివిన ఆఖరి మాట అర్జెంటీనా. అదే నోటికొచ్చింది.

"మా మేనత్తండీ. టెగ్వెన్ అత్త. అర్జెంటీనాలో... పటగోనియాలో."

అబద్ధాల్లో ఇది గట్టి అబద్ధమే. ఎప్పుడో తాతల కాలంలో ఓడలెక్కి పటగోనియాలో స్థిరపడ్డ వెల్ష్ వాళ్ళు వేలల్లో ఉన్నారు. కుమ్ హెలిగ్‌లో ఎవరికైనా అక్కడ ఒక అత్త ఉండే అవకాశం ఉంది. వెళ్ళి చూసొచ్చేవాళ్ళు ఉండరు.

"అయ్యో, అంత దూరంలోనా!" అన్నారు మార్గెడ్ గారు. రొట్టె అతని చేతిలో పెట్టి, అతని భుజం మీంచి గోడగడియారం చూశారు. "నేను కూర్చోను నాయనా. దుఃఖంలో ఉన్నవాళ్ళని ఒంటరిగా వదలాలి."

డెల్విన్ ఆశ్చర్యపోయాడు. పోయిన ఏడు పైవీధిలో ఒకాయన పోతే మార్గెడ్ గారు మధ్యాహ్నం వెళ్ళి రాత్రి భోజనం చేసి మరీ లేచారు. అలాంటావిడ ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి పరుగులాంటి నడకతో రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

టీవీ మళ్ళీ పెట్టాడు. అర్జెంటీనా అప్పటికే ముందుంది. కూర్చున్నాడో లేదో మళ్ళీ తలుపు. ఈసారి ఇద్వాల్, పళ్ళెం నిండా హ్యామ్ ముక్కలతో.

"మార్గెడ్ గారు చెప్పారురా. ఘోరం," అన్నాడు లోపలికి రాకుండానే. "క్లబ్బులో రేడియో కార్యక్రమం రద్దు చేయించేశాను."

"అంతపని దేనికిరా? మీరెళ్ళి వినండి."

"ఠాఠ్, కుదరదు! పోయినావిడ అర్జెంటీనా మనిషాయె. ఇవాళ వాళ్ళు ఓడిపోవాలని మనం గొంతు చించుకుంటే ఏం మర్యాద? వీధిలో అందరం తెరలు వేసుకుని ఎవరింట్లో వాళ్ళం ఉంటాం. నీ కోసం."

"ఇద్వాల్, నిజంగా..."

"మాట్లాడకు. ఇది మా ధర్మం," అని పళ్ళెం అందించి మాయమయ్యాడు.

డెల్విన్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇద్వాల్ ఎవరైనా పోయారంటే ఏ జబ్బు, ఏ ఆసుపత్రి, ఆస్తి ఎవరికి అని ఊపిరాడకుండా అడిగే రకం. ఇవాళ అత్త వయసు కూడా అడగలేదు. వీళ్ళందరికీ ఏమొచ్చిందో డెల్విన్‌కి అంతుపట్టలేదు.

మూడోసారి తలుపు కొట్టింది పాస్టరు గారు. ప్రోథెరో గారు ఒకప్పుడు పటగోనియా వెళ్ళి అక్కడి చాపెళ్ళన్నీ చూసొచ్చిన మనిషి. ఆ లోయ మొత్తంలో వెళ్ళొచ్చినవాడు ఆయనొక్కడే. దాని మీద ఆయనిచ్చిన ఉపన్యాసాలు తప్పించుకున్నవాళ్ళు తక్కువ.

"టెగ్వెన్ గారు గైమన్‌లో ఉండేవారా, ట్రెలూలోనా?" అని అడిగారు ఆయన ఆసక్తిగా.

"రెండిటికీ మధ్యలోనండీ."

"మధ్యలో అంతా బీడే కదా!"

"ఆవిడకి ఏకాంతం ఇష్టమండీ."

పాస్టరు గారు ఇంకేదో అడగబోయి, గడియారం చూసి, నోరు మూసుకున్నారు. "ప్రార్థన చేద్దాం" అని కళ్ళు మూశారు. పెళ్ళిళ్ళలో ఆయన ప్రార్థన మొదలుపెడితే వంటవాళ్ళు మంట తగ్గిస్తారు. అలాంటాయన, డెల్విన్ రెండో కన్ను మూసేలోపే 'ఆమెన్' అనేసి కోటు గుండీలు పెట్టుకుంటూ బయటపడ్డారు.

డెల్విన్ తెర అంచు కొంచెం తప్పించి బయటికి చూశాడు. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ప్రతి ఇంటి ముందుగది తెరలూ మూసే ఉన్నాయి. మనిషి అలికిడి లేదు. పుట్టని మనిషి కోసం వీధంతా మౌనం పాటిస్తోంది. డెల్విన్‌కి సిగ్గు ముంచుకొచ్చింది. హ్యామ్ పళ్ళెం పక్కకి నెట్టేశాడు. ఇంత మంచివాళ్ళ మధ్య బతుకుతూ ఎంత నీచానికి దిగజారానని కుమిలిపోయాడు. ఇయెస్టిన్ మైదానంలోకి దిగడం ఒక్కటి చూసి, వెంటనే వెళ్ళి అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలని గట్టిగా నిర్ణయించుకున్నాడు. దిగడం చూశాకే, ముందు కాదు.

రెండో భాగం సగం గడిచింది. గీత దగ్గర ఇయెస్టిన్ లేచి నిలబడి పైకోటు విప్పాడు. ఎవరో వాడి చెవిలో ఏదో చెబుతున్నారు. డెల్విన్ కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరగా వెళ్ళాడు. ఇయెస్టిన్ ఒక కాలు ఎత్తాడు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. బొమ్మ కదలలేదు. తెర మధ్యలో ఒక చిన్న సున్నా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"ఒరేయ్! కిందపెట్టరా కాలు!" అని డెల్విన్ అరిచాడు. టీవీ నెత్తిన కొట్టాడు. ఇంటర్నెట్ పెట్టె పీకి మళ్ళీ తగిలించాడు. మేడ మీదికీ కిందికీ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. సున్నా తిరుగుతూనే ఉంది. ఏడుపొక్కటే తక్కువ. సరిగ్గా అప్పుడు బయటినుంచి ఒక కేక వినిపించింది. సంతాపం పాటిస్తున్న పక్కింట్లోంచి, మూసిన తెరల వెనకనుంచి, మనుషులు ఒక్కసారిగా పెట్టిన కేక. అది శోకం కాదు.

డెల్విన్ ఇంటి చెప్పులతోనే పరుగెత్తి ఇద్వాల్ వంటింటి తలుపు తోసుకుని ముందుగదిలో పడ్డాడు.

చీకట్లో పెద్ద టీవీ వెలుగుతోంది. దాని ముందు ఇద్వాల్. సోఫాలో మార్గెడ్ గారు, నల్ల కోటు మీద ఎర్ర మఫ్లరుతో. కింద తివాచీ మీద, ఒళ్ళో వెల్ష్ కేకుల పళ్ళెంతో, పాస్టరు ప్రోథెరో గారు. ముగ్గురూ డెల్విన్‌ని చూసి కొయ్యబారిపోయారు.

డెల్విన్ నోరు తెరిచాడు. మార్గెడ్ గారు చెయ్యెత్తి ఆపారు.

"తిట్టడం తర్వాత నాయనా. ముందు అడ్డం తప్పుకో. ఆట ఆగక ఇందాకటినుంచీ గీత దగ్గరే ఉంచారు, ఇప్పుడు వాడు దిగుతున్నాడు!"

డెల్విన్ పాస్టరు గారి పక్కన చతికిలబడ్డాడు. ఇయెస్టిన్ ఎత్తిన కాలు కిందపెట్టాడు, గీత దాటాడు, మైదానంలోకి పరుగెత్తాడు. చెవులు నలక్కుండా తలకి తెల్లటి కట్టు, వీపు మీద కొత్త అంకె, వాళ్ళమ్మ నడకే. డెల్విన్ దాచుకోకుండా ఏడ్చాడు. పాస్టరు గారు అతని చెయ్యి పట్టుకున్నారు. ఇయెస్టిన్ దగ్గరకి మొదటి బంతి వచ్చింది. వాడు దాన్ని నేలపాలు చేశాడు.

గదంతా మూలిగింది.

"ఎంత దర్జాగా వదిలాడో చూశారా!" అన్నాడు డెల్విన్, కన్నీళ్ళు తుడుచుకుంటూ.

వేల్స్ ఓడిపోయింది. అందుకు ఎవరూ పెద్దగా నొచ్చుకోలేదు, అలవాటైన పనే. లెక్కలు తేల్చుకోవడం ఆ తర్వాత మొదలైంది.

"బొగ్గుల కొట్టు వెనక డిష్ పెట్టించాను," అన్నాడు ఇద్వాల్ నేలచూపులు చూస్తూ. "నీ సభ అయిన వారానికే."

"నాది ఇంటర్నెట్‌లో వచ్చేదే," అన్నారు పాస్టరు గారు. "వీధంతా ఒకేసారి చూస్తే ఆ లైను తట్టుకోలేదు. నాదీ ఆగింది, మార్గెడ్ గారిదీ ఆగింది. డిష్ ఉన్నది వీడొక్కడికే."

"మీకెలా తెలుసు, డిష్ ఉందని?"

పాస్టరు గారు వెల్ష్ కేకు కొరికి, నమలడం మొదలుపెట్టారు.

"తెరలు వేసుకోవడానికి సాకు దొరక్క అందరం చచ్చిపోతున్నాంరా," అన్నాడు ఇద్వాల్. "నీకు భయపడి! దేవుడే పంపినట్టు మీ అత్త పోయింది."

డెల్విన్ తల దించుకున్నాడు. "ఇద్వాల్, ఆ అత్త సంగతి..."

"మీ నాన్నకి అక్కచెల్లెళ్ళు లేరని నాకు తెలియదట్రా? మీ నాన్నా మా నాన్నా ఒకే బడి, ఒకే గని."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావ్?"

"ఆట మొదలైపోయింది కదరా మరి."

చీకటి పడుతుండగా వంటింటి తలుపు దడాలున తెరుచుకుంది. నెస్టా వచ్చింది. బస్సు దిగి, వీధి వీధంతా తెరలు మూసి ఉండడం చూసి, సొంత ఇంట్లో బల్ల మీద హ్యామూ రొట్టే ఉండి మొగుడు లేకపోవడం చూసి, మొహం పాలిపోయి వచ్చింది. నేల మీద కూర్చున్న డెల్విన్ కనబడగానే సంచీ కింద పడేసింది.

"ఏమయ్యా, బతికే ఉన్నావా! నా ప్రాణం పైకిపోయింది తెలుసా? ఎవరు పోయారు?"

మార్గెడ్ గారే, "పటగోనియాలో మీ ఆయన మేనత్తమ్మా," అన్నారు.

నెస్టా మొగుణ్ణి చూసింది. ప్రకటనలు వస్తున్న టీవీని చూసింది. పాస్టరు గారి ఒళ్ళో పళ్ళెం చూసింది. కోటు విప్పి సోఫాలో కూర్చుంది.

"పాపం, మంచిది," అంది. "సరేగానీ, మన ఇయెస్టిన్ తలకి ఆ తెల్లకట్టేమిటి? దెబ్బేమైనా తగిలిందా?"

స్వాన్సీ రేడియోలో తెల్లకట్టు ఎలా కనబడిందని ఆవిణ్ణి అడిగే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది. డెల్విన్ లేచి వెళ్ళి భార్యకి టీ కలిపి తెచ్చాడు.

మర్నాడు చాపెల్లో పాస్టరు గారు టెగ్వెన్ అత్త ఆత్మశాంతికి ప్రార్థన చేశారు, ఈసారి తీరిగ్గా. వీధివాళ్ళు ఒక్కరూ తప్పకుండా వచ్చారు. బయటికొస్తూ ఇద్వాల్, వచ్చే శనివారం ఫిజీతో ఆట ఉందని డెల్విన్ చెవిలో గుర్తుచేశాడు.

ఫిజీలో చుట్టాలున్నవాళ్ళెవరన్నది చాపెల్ వీధిలో ఇంకా తేలలేదు.