ఒక సమానం తక్కువ

రెండు కారు టైర్లలో ఏది మెరుగో నిష్పక్షపాతంగా తేల్చే ప్రోగ్రాం ఒకటి ఆదివారం ఉదయం ఆ ఇంటి భోజనాల బల్ల మీద ప్రారంభమైంది. ప్రారంభకులు అత్తగారు. నిర్మాత చిన్నల్లుడు. కత్తిరించడానికి రిబ్బను దొరకలేదు గనక ఆమె చీర కొంగుతో లాప్‌టాప్ మీది దుమ్ము తుడిచారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చిన్నల్లుడు బీమా కంపెనీలో గుమాస్తా. ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్న కోరిక అతనికి జ్ఞానతృష్ణ వల్ల కలగలేదు. తోడల్లుడు కారుకు టైర్లు మార్చడం వల్ల కలిగింది.

ఆ ఇంట్లో పరిపాలనంతా పోలికల మీదే నడుస్తుంది. ఇద్దరల్లుళ్ల ఉద్యోగాలు, జుట్టు, గురక పోల్చి తీర్పులివ్వడం ఎప్పుడో పూర్తయింది. చిన్నల్లుడు గురకలో మాత్రం గెలిచాడు. ఆ గెలుపు కూడా అతని మీద నేరంగానే నమోదైంది. ఇక మిగిలినవి టైర్లు. పెద్దల్లుడు ఎవరో పెద్దమనిషి వాడి తీసేసిన వెడల్పాటి టైర్లు సంపాదించి, నల్ల పాలిష్ పట్టించి బిగించాడు. చిన్నల్లుడివి కొత్తవే గానీ సన్నవి. పాలిష్ లేదు.

"పెద్దల్లుడిగారి టైర్లు చూడవే, ఏనుగు పాదాల్లా ఉన్నాయి. మీ ఆయనవి కొంగ కాళ్లు" అన్నారు అత్తగారు చిన్నకూతురితో, అల్లుడికి వినిపించేంత రహస్యంగా.

అతను ఆ రోజే వీడియో పాఠాల్లో చేరాడు. మనిషి తీర్పిస్తే మొహమాటం ఉంటుంది, యంత్రానికి అత్తగారు ఉండరు కదా అనుకున్నాడు. మూడో పాఠం పేరు "సమానం గుర్తు వాడకం". ఒకటో తరగతిలో నేర్చుకున్నదాన్ని మళ్లీ నేర్చుకోవడం చదువుకున్నవాడికి నామోషీ గనక దాన్ని వదిలేసి నాలుగో పాఠానికి దూకాడు. టైరు మీది గాడి లోతు, వెడల్పు, తయారైన తేదీ కొట్టి మీట నొక్కితే ఏది మెరుగో, ఏది వాడరాదో తీర్పు వచ్చేలా ప్రోగ్రాం రాశాడు.

ప్రారంభోత్సవంలో ఏనుగు పాదానికీ కొంగ కాలికీ పోటీ పెట్టారు. తెర మీద "సమానం" అని వచ్చింది.

గెలుస్తాననుకున్నవాడు నిరాశ పడాలి. కానీ ఆ ఇంట్లో చిన్నల్లుడికి సమానం అంటే పదోన్నతి. అతను కళ్లు తుడుచుకున్నాడు. పెద్దల్లుడు లేచి, "తమ్ముడు కష్టపడి నా స్థాయికి వచ్చాడు. ఇది కుటుంబానికే గర్వకారణం" అని ఉపన్యసించాడు.

ప్రోగ్రాం కీర్తి వీధంతా పాకింది. పక్కింటి మేష్టారు డిక్కీలో పుచ్చిపోతున్న స్టెప్నీని కొత్త టైరుతో పోల్పించుకున్నారు. సమానం. ఆయన కొత్త టైరు కొనే ఆలోచన మానుకుని యంత్రాన్ని దీవించారు. ఎదురింటి ఆవిడ స్కూటర్ టైరు, కారు టైరుతో సమానమని తేలింది. ఆవిడ అప్పటినుంచి స్కూటర్‌ని కారు నిలిపే చోటే నిలుపుతోంది. టైర్ల కొట్టాయన ఒక్కడే అభ్యంతరం చెప్పాడు. అతనికి టైర్లు అమ్ముకునే స్వార్థం ఉన్నట్టు తేలడంతో అభ్యంతరం కొట్టివేశారు.

చిన్నల్లుడికే అనుమానం వచ్చింది. తన టైరును బొమ్మ కారు టైరుతో పోల్చాడు. సమానం. ఆఫీసులో భోజన విరామంలో మూడో పాఠం తెరిచాడు. ఒక సమానం గుర్తు పెడితే "ఇది అదే అయిపో" అన్న ఆజ్ఞ అనీ, రెండు పెడితేనే "ఇది అదేనా?" అన్న ప్రశ్న అనీ అందులో ఉంది. ఇన్నాళ్లూ తన యంత్రం టైర్లను పోల్చలేదు. రాజీ చేసింది.

రెండో గుర్తు పెట్టి, ప్రారంభోత్సవం నాటి కొలతలతోనే మీట నొక్కాడు. పెద్దల్లుడి టైరు గురించి యంత్రం చెప్పింది: "గాడి లేదు. వాడరాదు."

మర్నాడే కుటుంబమంతా కొండ మీది అతిథి గృహానికి వెళ్లాలి. బయట వాన. ఆడవాళ్లంతా పెద్దల్లుడి కారులో. అందులో తన భార్య కూడా. ఆ రాత్రే అతను భోజనాల బల్ల దగ్గర తీర్పు చదివి వినిపించాడు.

"నిన్నటిదాకా బాగానే చెప్పింది కదండీ, ఇవాళ దానికేం రోగం?" అంది భార్య.

"రెండో సమానం పెట్టాను."

అత్తగారు ఆలోచించారు. "ఒక్క సమానం ఉన్నప్పుడే ఇద్దరూ సమానంగా ఉన్నారు. రెండు పెడితే ఇంకాస్త సమానం అవ్వాలి గానీ, తేడా ఎలా వస్తుంది బాబూ?"

ఈ ప్రశ్నకు మూడో పాఠంలో జవాబు లేదు.

"కడుపులో కుళ్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటే అలాగే వస్తుంది తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు.

"అన్నయ్యా, గాడిలో వేలు పెట్టి చూడు."

"నా టైరు మీద నీ వేలేమిటోయ్!"

రెండో గుర్తు తొలగించాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అతను తొలగించాడు. సమానం అని వచ్చింది. చప్పట్లు.

ప్రయాణంలో పెద్దల్లుడి కారుకు మనుషులు, చిన్నల్లుడి కారుకు సామాను దక్కాయి. కొండ మలుపులో ముందున్న పెద్దల్లుడి కారు జారింది. టైరు పేలి, అడ్డంగా తిరిగి పక్కనున్న బురద కాలవలో కూర్చుంది. చిన్నల్లుడు బ్రేకు తొక్కి, వానలో పరిగెత్తి తలుపు లాగాడు. ఎవరికీ దెబ్బలు లేవు. భార్య అతని చెయ్యి పట్టుకుని దిగి, కాసేపు వదల్లేదు. పెద్దల్లుడు స్టెప్నీ తీశాడు. అదీ ఆ వంశానిదే.

సామాను కాలవ గట్టెక్కింది. మనుషులు కొంగ కాళ్ల కారెక్కారు. ఇప్పుడైనా తీర్పు మారుతుందని అతను అద్దంలోంచి అత్తగారి వంక చూశాడు. ఆవిడ బురద కాళ్లు తుడుచుకుంటూ అన్నారు: "పెద్దల్లుడిగారి కారు ఆగింది. చిన్నల్లుడిగారి కారూ ఆగింది. యంత్రం అబద్ధం చెప్పలేదు."

ముందు సీట్లోంచి భార్య అతని వైపు వంగి, "ఆ రెండో గుర్తు మళ్లీ పెట్టండి. ఎవరికీ చెప్పకండి" అంది.

ప్రస్తుతం అతని దగ్గర రెండు ప్రోగ్రాములున్నాయి. రెండు గుర్తులది ఇంట్లో వాడకానికి, ఒక్క గుర్తుది ప్రజాసేవకు. టైరు పట్టుకొచ్చినవాళ్లను ఏది కావాలో ముందే అడుగుతాడు. ఇంతవరకూ అందరూ ఒక్క గుర్తుదే అడిగారు. మీరూ రావచ్చు. అడగనవసరం లేకుండా అదే తెరిచి పెట్టి ఉంచుతాడు.