అటక మీద బస్తా

ధడ్!

దువ్వాడలో ఆ వీధికి తెల్లవారేది ఈ చప్పుడుతోనే. ముందు ఇనుము నేలను తాకిన మోత, వెంటనే కిటికీ ఊచల వణుకు, ఆ వెనుక వంటింటి గ్లాసుల గలగల. ఇవన్నీ అయ్యాక గాని వెలుగు రాదు. వీధి చివరి రేకుల షెడ్డులో శ్రీ సాగర వ్యాయామ సంఘం మగపిల్లలు బరువులెత్తే సాధన మొదలుపెట్టారని దానికి అర్థం.

2008 ఆగస్టులో ఒక మంగళవారం నాడు ఆ మోత కంటే ముందే మేలుకుని ఉన్నది నాగశ్రీ ఒక్కతే. పదిహేడేళ్ల పిల్ల. నలభై ఎనిమిది కిలోల విభాగంలో ఆ సంఘానికున్న ఏకైక ఆశ. ఆమె ఆనాటి పథకం చాలా చిన్నది: ఆరింటికి సాధన, ఎనిమిదింటికి చద్దన్నం, తొమ్మిదింటికి నెట్ సెంటర్, తొమ్మిదీ అయిదుకు ఒక వాక్యాన్ని చెరిపేయడం. అంతే.

చెరపవలసిన ఆ వాక్యం పుట్టుక ఇదీ. ఆదివారం జరిగిన జిల్లా పోటీల్లో ఆనందపురం నుంచి వచ్చిన దేవిశ్రీ అనే అమ్మాయి ఆమెను ఒకే ఒక్క కిలోతో ఓడించింది. పది కిలోలతో ఓడితే నిద్ర పడుతుంది. ఒక్క కిలోతో ఓడితే పట్టదు. సోమవారం సాయంత్రం నాగశ్రీ నెట్ సెంటర్‌లో అరగంట కూర్చుంది. కుర్రకారంతా ఒకరి పేజీలో ఒకరు తోచింది రాసుకునే ఆర్కుట్ రోజులవి. 'స్టీల్ సింహం' అన్న దొంగపేరు పెట్టుకుని, దేవిశ్రీ పేజీ వెతికి పట్టుకుని, ఇలా రాసింది: "నువ్వు ఎత్తింది పతకం కోసం కాదు. అటక మీద బస్తా పెట్టావు. సిగ్గుండాలి."

రాసేటప్పుడు చాలా హాయిగా ఉంది. ఇంటికొచ్చి అన్నం కలుపుతుంటే మాత్రం మణికట్టు కలుక్కుమంది. పోటీ ముగిసిన క్షణాన, పతకం ఇంకా మెడలో పడకముందే, ఆ దేవిశ్రీయే పరుగెత్తుకొచ్చి ఆ మణికట్టుకు నొప్పి మందు రాసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

ఆరింటికి షెడ్డులో కోచ్ అర్జునరావు ఎప్పటిలాగే అరిచాడు. ఆయన పోర్టులో క్రేను నడుపుతాడు. డ్యూటీకి ముందు ఈ పద్నాలుగు మంది పిల్లలకు ఊరికే నేర్పుతాడు.

"ఏటే నాగా! మళ్లీ అటక మీద బస్తా పెడతన్నావేటి? సేతుల్తో తోత్తే ఎలగే? కాళ్లున్నాయి గదా, ముందు కాళ్లతో తన్ను, ఆ మీదట దాని కిందకి దూరు!"

నాగశ్రీ చేతిలోని బరువు ధడ్‌మని కింద పడింది. తాను దేవిశ్రీ మీదికి విసిరిన మాట తన సొంతం కూడా కాదు. మూడేళ్లుగా తానే రోజూ పడుతున్న చీవాటు.

ఎనిమిదిన్నరకు కుళాయి వచ్చింది. తల్లి దేముడమ్మ గుమ్మానికి అడ్డంగా రెండు బిందెలు పెట్టింది.

"నెట్టూ లేదు, గిట్టూ లేదు. ముందు నీల్లు. జిల్లా మొత్తం మీద బరువులెత్తిన గుంటవి, అమ్మకి రెండు బిందెలెత్తలేవేటి?"

రెండు బిందెలు ఆరయ్యాయి. పథకంలో తొమ్మిదీ అయిదుగా ఉన్నది తొమ్మిదీ నలభై అయింది. ఆ ముప్ఫై అయిదు నిమిషాల్లో నెట్ సెంటర్‌లోకి గురునాథరావు గారు వచ్చారు.

గురునాథరావు గారు గోదావరి ఒడ్డు నుంచి కొలువు కోసం విశాఖ వచ్చి, ముప్ఫై నాలుగేళ్లు ఒక ఆఫీసులో వచ్చే కాగితానికీ పోయే కాగితానికీ నంబర్లు వేసి పదవీ విరమణ చేసినవారు. ఇప్పుడు ఈ సంఘానికీ, జిల్లా వెయిట్‌లిఫ్టింగ్ సంఘానికీ కూడా ఆయనే కార్యదర్శి. నంబరు పడని సంఘటన జరగనట్టేననీ, నంబరు పడిన సంఘటనను దేవుడైనా ఆపలేడనీ ఆయన విశ్వాసం. పత్రికకు పంపడానికి విజేత ఫొటో కావాలన్నారు. నెట్ సెంటర్ యజమాని తిరుమలరావు దేవిశ్రీ పేజీ తెరిచాడు.

"ఫొటో కింద ఏదో ఉందేమిటయ్యా, తిరుమలరావూ?"

"ఎవుడో తిట్టాడు సార్. వొగ్గీండి. ఇలాటివి రోజుకి వెయ్యి రాత్తారు."

"వెయ్యి రాస్తారండీ, కాదన్లేదు. మన దృష్టికి వచ్చింది మాత్రం ఒకటి. వచ్చినదానికి నంబరు వేసుకోవద్దూ? ప్రింటు తియ్యి. ఆరు కాపీలు."

నాగశ్రీ వచ్చేసరికి ఆయన వెళ్లిపోయారు. ఆమె మూల కుర్చీలో కూర్చుని, సింహం వేషం మరొక్కసారి కట్టి, వాక్యాన్ని చెరిపింది. తెర తెల్లగా మెరిసింది. ప్రాణం తేలికపడింది. లేచి బయటికి వస్తుంటే తిరుమలరావు ఆరో కాపీకి పిన్ను కొడుతున్నాడు.

"అదేటి అన్నా?"

"విచారణంటమ్మా. ఎవుడో సింహం దొరికితే ఏడాది పాటు పోటీల్లోకి రానివ్వరంట."

మర్నాడు జిల్లాలోని ఇరవై రెండు సంఘాలకూ ఒక సర్క్యులర్ వెళ్లింది. గురునాథరావు గారు స్వయంగా కూర్చి, స్వయంగా సరిచూసి, స్వయంగా మెచ్చుకున్న రచన అది: "ఈ దిగువ పొందుపరచిన అనుచిత వాక్యమును సభ్యులందరి సమక్షమున మూడుమార్లు చదివి వినిపించి, ఇకమీదట దానిని ఎవరును చదువకుండ కట్టుదిట్టము చేయవలయును. ప్రతి నోటీసు బోర్డున నెల దినములు ఉంచవలయును."

తెర మీద ఆ వాక్యాన్ని చూసినవారు ముగ్గురు. గురువారం సాయంత్రానికి దాన్ని ఎరగనివారిని జిల్లాలో వెతకవలసి వచ్చింది. మధురవాడ కాలేజీ మైదానంలో బంతి వదిలేసినవాణ్ణి "బస్తా!" అన్నారు. దువ్వాడ స్టేషన్‌లో పెట్టె పైకి తోయలేని పెద్దమనిషిని చూసి పోర్టరు "అటక మీదెట్టండి బాబూ!" అన్నాడు. చివరికి అది చేపల బజారు మీదుగా నాగశ్రీ ఇంటికే నడిచొచ్చింది.

"ఎవుడో సింహమంట," అంది దేముడమ్మ, సంచి దింపుతూ. "ఆ ఆనందపురం గుంటని పట్టుకుని బస్తా గిస్తా అన్నాడంట. మీ తాత బస్తాలు మోసే మమ్మల్ని పెంచాడు. ఆ సింహం గానీ నాకు దొరికితే జూలు పీకీసి సీపురు కట్టుకుందును."

నాగశ్రీ అప్రయత్నంగా జడ ముందుకు వేసుకుని పట్టుకుంది.

విచారణ శుక్రవారం షెడ్డులోనే జరిగింది. అధ్యక్షుడు గురునాథరావు గారు. సాంకేతిక నిపుణుడు తిరుమలరావు. జిల్లా అంతా గాలించేముందు సొంత సంఘం నుంచే ఆరంభించడం నిష్పక్షపాతమని గురునాథరావు గారు తలపోశారు. పద్నాలుగు మంది పిల్లలనూ ఒక్కొక్కరిగా పిలిచి రెండే ప్రశ్నలు వేశారు. ఈ మాట ఇంతకుముందు విన్నావా? ఎవరి నోట విన్నావు?

పద్నాలుగో మనిషిగా నాగశ్రీ నిలబడింది. 'నువ్వు రాశావా' అని అడిగితే చెప్పేద్దామని నాలుక మీద సిద్ధంగా ఉంచుకుంది. ఎవరూ అడగలేదు.

"విన్నావామ్మా?"

"ఇన్నాను సార్. రోజూ."

"ఎవరి నోట?"

ఆమె అబద్ధమాడలేదు. ఆడి ఉంటే బాగుండేది.

"అర్జునరావు సార్ నోట."

గురునాథరావు గారు కలం మూత పెట్టారు. పద్నాలుగు వాంగ్మూలాలూ ఒకే వేలితో ఒకే మనిషిని చూపుతున్నాయి. అర్జునరావును పిలిచారు.

"మాట మీదేనా అండీ?"

"మాట నాదే."

"కంప్యూటర్‌లో రాసింది?"

అర్జునరావు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడిన పిల్లలకేసి చూశాడు. ఆ పద్నాలుగు ముఖాల్లో ఒకటి నేల చూపులు చూస్తోంది. ఏది అన్నది ఆయన కావాలనే చూసుకోలేదు.

"అదీ నాదే అనుకోండి."

"అనుకోవడం కుదరదండీ. రికార్డు."

"అయితే నాదే. రాసుకోండి."

"మౌసు ఏ చేత్తో పట్టుకున్నారు సార్?" అని నిపుణుడు తిరుమలరావు మధ్యలో దూరాడు.

"మౌసంటే ఏటి?"

'వాడిన పరికరమును గూర్చి వివరములు వెల్లడించుటకు నిందితుడు నిరాకరించెను' అని గురునాథరావు గారు రాసుకున్నారు. శిక్ష కూడా అక్కడే తేలింది: ఏడాది పాటు అర్జునరావు శిక్షణ ఇవ్వరాదు. ఆదివారం సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించిన క్షణం నుంచి అమలు.

ఆ సాయంత్రం నాగశ్రీ ఒక తెల్లకాగితం తీసింది. 'ఆ రాత కోచ్ గారిది కాదు. ఆయనకు కంప్యూటర్ రాదు. ఆయనను వదిలేయండి' అని మూడు వాక్యాలు పొందిగ్గా రాసింది. నాలుగోది పేరు. కలం ఆ చోటికి వచ్చి ఆగింది, చెమటపట్టింది, తప్పుకుంది. చివరికి 'ఇట్లు, స్టీల్ సింహం' అని రాసి షెడ్డు తలుపు కింద నుంచి తోసేసింది.

శనివారం ఉదయం గురునాథరావు గారు దాన్ని చదివి తిరుమలరావుకు చూపారు.

"సంతకం లేని అర్జీ చెల్లదయ్యా. పైగా ఇది చూడు, తన్ని తానే వెనకేసుకొస్తున్నాడు. ఎంత గడుసువాడో!"

ఆ ఉత్తరానికి కూడా నంబరు పడింది. అర్జునరావు మీద సాక్ష్యంగా.

ఆదివారం ఉదయం పది గంటలు. షెడ్డులో మడత కుర్చీలు, ముందువరుసలో పెద్దలు, వెనుక పిల్లలు, మైకులో గురగుర. గురునాథరావు గారు ఉత్తర్వు విప్పి గొంతు సవరించుకునేలోగా గుమ్మంలో వెలుగు మూసుకుపోయింది. ఒక అమ్మాయి నిలబడి ఉంది. భుజం మీద బస్తా ఉంది.

"దేవిశ్రీ!" అని పిల్లల్లో ఎవరో గొణిగారు.

"గొడవకే వచ్చింది," అన్నాడు తిరుమలరావు, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటూ.

దేవిశ్రీ నడిచివచ్చి, బస్తాను బల్ల మీద పెట్టింది. పెట్టడమంటే మామూలుగా కాదు. మోకాళ్లు కొద్దిగా వంచి, కాళ్లతో ఒక్క తన్ను తన్ని, బస్తా గాలిలో ఉండగానే దాని కిందికి దూరి, చేతులు నిలువునా చాచి ఒక్క క్షణం ఆపి, అప్పుడు దింపింది. అర్జునరావు తనకు తెలియకుండానే "సెబాసు!" అనేశాడు.

"బియ్యం సార్, మా పొలంవి," అంది దేవిశ్రీ రొప్పుతూ. "ఈ సింహమెవులో నాకు సూపించండి."

"అమ్మా, శిక్ష వేస్తున్నాం, నువ్వు ఆవేశపడకు..."

"సిచ్చేటి సార్? నాకా ఆర్కుట్టేటో తెలీదు, మా అన్నియ్య పెట్టాడు ఆ పేజీ. మీ కాయితం మా బోర్డు మీద అంటిస్తే సూసినాను. ఒక రోజు ఏడిసినాను. మర్నాడు అద్దం ముందర నిలబడి ఎత్తి సూసుకున్నాను. నిజిమే! సిన్నప్పట్నించి ఇంట్లో బస్తాలు అటకెక్కించింది నానే, అదే పద్దతిలో ఎత్తేత్తన్నాను. అంతా సేతుల్తోనే! మా వోల్లు ఒక్కరూ సెప్పనేదు. మార్సుకున్నాను, నాలుగు కేజీలు పెరిగింది. పోటీదారుకి తప్పు సూపించే మనిసి ఎవులుంటారు సార్ ఈ రోజుల్లో? దండం ఎట్టుకుని పోతాను."

గురునాథరావు గారు చేతిలోని ఉత్తర్వు కేసి చూశారు. తిరగేశారు. వెనుకవైపు ఖాళీగా ఉంది. అయిదు నిమిషాల్లో దానిమీద మరో రచన వెలిసింది. అదే ఫైలు, అదే నంబరు: ప్రత్యర్థి అభ్యున్నతిని కోరి, పేరు చాటుకోక సలహా నొసంగిన శ్రీ అర్జునరావు గారికి ఈ ఏటి క్రీడాస్ఫూర్తి పతకము, శాలువ.

చప్పట్లు మోగాయి. శాలువా భుజాల మీద పడింది. దేవిశ్రీ వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది. క్వింటాలు బరువు కింద నిటారుగా నిలిచే అర్జునరావు ఆ పావుకిలో శాలువా కింద కుంగిపోయాడు. "నాది కాదండీ," అన్నాడు నీరసంగా.

"మీ వాంగ్మూలం ఉందండీ. రికార్డు," అన్నారు గురునాథరావు గారు నవ్వుతూ.

వెనుకవరుసలో నాగశ్రీకి అంతా అర్థమైంది. శిక్ష పోయింది. కోచ్ గెలిచారు. ఇక నోరు విప్పవలసిన అవసరం లోకంలో ఎవరికీ లేదు. విప్పితే ఏడాది నిషేధం. వచ్చే నెల రాష్ట్ర పోటీలు ఉండవు. వేదిక మీద మాత్రం ఒక మనిషి తనది కాని పొగడ్తను మోయలేక, దింపలేక నిలబడి ఉన్నాడు.

ముందు కాళ్లు, ఆ మీదట చేతులు. ఆమె లేచి నిలబడింది.

"సార్, అది సలహా కాదు," అంది. "తిట్టు. ఒక్క కేజీతో ఓడిపోనానని, కుళ్లుతో తిట్టినాను. ఆ మాట కోచ్ సార్‌ది. ఆయన రోజూ నన్ను అనే మాటే అది. రాసింది నాను."

దేవిశ్రీ నడిచివచ్చి ఆమె ఎదుట నిలబడింది. ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. చేయి చాచి మణికట్టు పట్టుకుంది.

"నొప్పి తగ్గినాదా?" అంది దేవిశ్రీ.

నాగశ్రీ తల ఊపింది. కళ్లు నిండాయి.

"అయితే ఇను. కాయితాలూ కంప్యూటర్లూ వొద్దు. నాను ఒక్క ఊపున ఎత్తే స్నాచ్‌లో కూడా ఏటో తప్పుందంట. వచ్చే ఆదివారం వస్తాను, ఎదురుగుండా నిలబడి తిట్టు."

అర్జునరావు నిటారుగా అయ్యాడు. శాలువా తీసి, మడతపెట్టి, బియ్యం బస్తా మీద ఉంచాడు. గురునాథరావు గారు మాత్రం కదలలేదు. రెండు వైపులా నిండిపోయిన ఉత్తర్వును పక్కకు నెట్టి, కొత్త కాగితం తీసుకుని, కొత్త నంబరు వేసి, కళ్లజోడు సవరించుకుని, పురిటి గదిలో ఉన్ననాటి నుంచి తాను ఎరిగిన పిల్లను అడిగారు:

"పేరు?"

"నాగశ్రీ."