జడ్జిగారి పొట్ట

నవ్వనని మాటిస్తే చెప్తాను. మా పిల్లి పేరు జడ్జిగారు. పన్నెండేళ్లొచ్చాయి. నేనూ మా ఆవిడా పోట్లాడుకుంటుంటే సగం కళ్లు మూసుకుని వింటారు, చివరికి ఆవిడ ఒళ్లోకెక్కి తీర్పు చెప్తారు. అందుకే ఆయనంటే నాకు పడదని అందరికీ చెప్పుకున్నాను.

ఈమధ్య ఆయన పొట్ట నా పొట్టతో పోటీకొచ్చింది. డాక్టరమ్మ స్కాన్ తీసి, కిడ్నీల చుట్టూ తిత్తుల్లా ఏర్పడి నీరు చేరిందంది. సూదితో లాగేసింది. నెల తిరక్కుండా మళ్లీ నిండింది. మళ్లీ లాగింది, మళ్లీ నిండింది.

"ఇక పొట్ట కోసి ఆ తిత్తుల గోడలు కత్తిరించెయ్యడమే," అంది. నాకు కళ్లు తిరిగి బయట బెంచీ మీద కూలబడ్డాను. మిగతాది మా ఆవిడే విని వచ్చింది.

"బుధవారం ఆపరేషనండీ. ఆ పొద్దున్న ఏమీ పెట్టకూడదు. తింటే వాయిదా వేస్తారట."

"నాకెందుకు చెప్తున్నావ్? నేనేమన్నా వాడి బంధువునా?"

బుధవారం ఆవిడ స్నానానికెళ్లగానే ఫ్రిజ్‌లోంచి చేపముక్క తీశాను. జడ్జిగారు లంచం కిమ్మనకుండా పుచ్చుకున్నారు.

"ఏమేవ్! కొంప మునిగింది! నీ పిల్లి చేప దొంగిలించి తినేసింది!"

ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చింది. "ఫ్రిజ్ తలుపు తనే తీశాడా?"

"తనే."

"ముళ్లు కూడా తనే ఏరి ప్లేటు అంచున పెట్టాడా?"

ప్లేటుని కాలితో పక్కకి నెట్టాను.

"మత్తులోంచి లేవకపోతేనో?" అనేశాను. "సూదితోనే తీయిద్దామే. నెలనెలా నేనే మోసుకెళ్తాను."

ఆవిడ పక్కన కూర్చుంది. "ఎన్నిసార్లు తీసినా నిండుతోంది కదండీ. కడుపు బరువుకి నడవలేకపోతున్నాడు. కిడ్నీలు పనిచేస్తున్నప్పుడే చేయించాలిట."

"సరేలే. ఇవాళైతే తినేశాడుగా."

"తిననివ్వండి. ఆపరేషన్ రేపు."

"రేపా?"

"పద్దెనిమిదేళ్లుగా కాపురం చేస్తున్నాను మీతో. అందుకే గురువారాన్ని బుధవారమని చెప్పాను. రేపు పొద్దున్నదాకా వాడు నా గదిలోనే ఉంటాడు, తాళం నా కొంగుకుంటుంది."

ఆపరేషన్ బాగా జరిగింది. ఆదివారం జడ్జిగారు కుట్లు నాక్కోకుండా మెడకి పెట్టిన గరాటాతో, సన్నబడి ఇంటికొచ్చారు. సోఫా మీద ఆవిడని దాటుకుని మెల్లగా నా ఒళ్లోకొచ్చి పడుకున్నారు. పన్నెండేళ్లలో నాకనుకూలంగా వచ్చిన మొదటి తీర్పు అది.

"లంచం ముట్టింది కదా మరి," అంది మా ఆవిడ.

నేను అంగుళం కూడా కదల్లేదు. కదిలితే ఆయన కుట్లు లాగుతాయి.